కార్ఖానా నర్సుకు రిజిస్టరు ఎందుకు?



ప్రతి ఉదయం మన ఇళ్ళలోంచి క్యారియరు పట్టుకుని ఎవరో ఒకరు కార్ఖానాకు బయలుదేరుతూనే వుంటారు. భర్త కావచ్చు, కొడుకు కావచ్చు, కూతురో కోడలో కావచ్చు. గాజువాక అయినా అంతే, పటాన్‌చెరు అయినా అంతే. అక్కడ చెయ్యి తెగినా, కంట్లో ఏదైనా చిందినా, మనం వెళ్ళేలోగా వాళ్ళను చూసేది కార్ఖానా నర్సు. ఆమె పేరు నర్సుల రిజిస్టరులో వున్నదా లేదా అన్నది కంపెనీవాళ్ళు చూసుకునే విషయం, మనకెందుకు అనిపించవచ్చు. మనకూ ఎందుకు పట్టాలో ఈ వేళ చెప్పుకుందాం.

కార్ఖానా నర్సంటే దెబ్బ తగిలితే కట్టు కట్టి, తలనొప్పికి మాత్ర ఇచ్చే మనిషని చాలామంది అనుకుంటారు. అది ఆమె పనిలో కొంత భాగమే. అసలు పని, పైకి కనబడని జబ్బును కనిపెట్టడం. చెవి సంగతే చూడండి. పెద్ద చప్పుడు చేసే యంత్రాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసేవారికి వినికిడి ఒక్కసారిగా పోదు. మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ ప్రాంతంలోని కీచు ధ్వనుల వినికిడి. మామూలు మాటలు వినపడుతూనే వుంటాయి గనుక మనిషికి తెలియదు. ఉద్యోగంలో చేరగానే చెవి పరీక్ష చేసి, రాసి పెట్టి, ఏటేటా దానితో పోల్చి చూసే నర్సు వుంటే ఆ తేడా ముందే పట్టుబడుతుంది. బ్యాటరీల పనిలో సీసం రక్తంలో చేరడం, రాళ్ళు పిండి కొట్టే చోట దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకోవడం, ఇవీ అటువంటివే. పోయిన వినికిడి, పాడైన ఊపిరితిత్తి మళ్ళీ తిరిగి రావు.

ఈ వృత్తి కొత్తదేమీ కాదు. 1878లో ఇంగ్లండులోని నారిచ్ పట్టణంలో, ఆవపిండికి పేరుపడిన కోల్మన్ కంపెనీ ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సును కొలువులో పెట్టుకున్నది. ఆమె కార్ఖానాలో డాక్టరుకు సాయం చేసేది, జబ్బుపడిన కార్మికుల ఇళ్ళకూ వెళ్ళి చూసి వచ్చేది. అప్పటికి ఆ దేశంలో నర్సులకు ప్రభుత్వ రిజిస్టరంటూ లేదు. ఎవరైనా తాను నర్సునని చెప్పుకోవచ్చు. మంచి మనిషి దొరికితే అదృష్టం, లేకపోతే లేదు.

ఆ అదృష్టాన్ని నమ్ముకోలేమని ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే నర్సు దశాబ్దాలపాటు పోరాడింది. చిత్రమేమిటంటే, ఆమెను వ్యతిరేకించినవారిలో సాక్షాత్తు ఫ్లారెన్స్ నైటింగేల్ వున్నది. ఓర్పు, శీలం వంటివి పరీక్ష పెట్టి కొలిచి పుస్తకంలో రాసేవి కావని ఆవిడ వాదన. అది తీసిపారేయదగ్గ మాట కాదు. అయినా 1919లో అక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. రిజిస్టరులో మొదటి పేరు ఫెన్విక్‌దే. ఆ గాలి మనవైపూ త్వరగానే వీచింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో వున్న రోజుల్లో, 1926లో, అక్కడ నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. 1947లో దేశమంతటికీ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దానికి బదులుగా 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది.

మరి ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఏం చెబుతుంది? రెండు సంగతులు. మొదటిది, ఈమె గుర్తింపు వున్న చోట చదివి ప్యాసయిందని. 'ట్రైనింగయింది' అని చెప్పేవారిలో నాలుగేళ్ళు బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారూ వుంటారు, ఏదో నర్సింగ్ హోములో ఆరు నెలలు చేతిసాయం చేసినవారూ వుంటారు. తెల్లనివన్నీ పాలనుకునే మనకు ఆ తేడా చెప్పేది ఆ నంబరే. రెండోది అంతకంటె ముఖ్యం. తప్పు చేస్తే ఆమెను పిలిచి అడగడానికి కంపెనీ కాక మరొకరు వున్నారని. కౌన్సిలు విచారించి ఆమె పేరు కొట్టివేయగలదు.

ఇది శిక్ష మాటలాగా కనిపిస్తుంది గాని, నిజానికి ఆమెకు బలం. ఒక కార్మికుడి చెవి దెబ్బతింటున్నదని నర్సు పట్టుకున్నదనుకోండి. 'ఇన్‌స్పెక్షన్ వస్తోందమ్మా, ఆ కాగితం మార్చి రాసెయ్యి' అని మేనేజరు అన్నాడనుకోండి. జీతం ఇచ్చేది ఆయనే. ఏ రిజిస్టరూ లేని మనిషి తల వూపక ఏం చేస్తుంది? రిజిస్టరులో వున్న నర్సయితే, 'దొంగ రికార్డు రాస్తే నా పేరే పోతుంది సార్' అనగలదు. అలాగే, మన అమ్మాయి తన గర్భం సంగతో, మరో జబ్బు సంగతో ఆమెతో చెప్పుకుంటే అది ఆఫీసంతా పాకకూడదు. రోగి గుట్టు కాపాడడం ఆమె వృత్తి ధర్మం. రిజిస్టర్డ్ నర్సులందరూ ఇంత ధైర్యంగా వుంటారని నేననను. ధైర్యం చెయ్యదలచుకున్నవారికి మాత్రం నిలబడడానికి చోటు వుంటుంది.

అయితే నైటింగేల్ మాట మరచిపోకూడదు. ఆస్పత్రి వార్డులో పదేళ్ళు చేసిన నర్సుకు కూడా సీసం, రాతి దుమ్ము, యంత్రాల చప్పుడు కొత్తవే. మన రిజిస్టరు ఆమె నర్సని చెబుతుంది గాని, కార్ఖానా జబ్బులు తెలుసునని చెప్పదు. అది విడిగా అడిగి తెలుసుకోవలసిందే.

అందుచేత మీ ఇంట్లో ఎవరైనా కార్ఖానా నడుపుతున్నా, నియామకాలు చూసే ఉద్యోగంలో వున్నా, భోజనాల దగ్గర ఈ మాట ఎత్తండి. సర్టిఫికెట్ల జిరాక్సు చూసి వూరుకోక, నంబరును రాష్ట్ర కౌన్సిలుతో సరిచూడమనండి. రెన్యూవల్ అయిందా, వేరే రాష్ట్రంలో చదివి వస్తే ఇక్కడ కూడా నమోదయిందా అని అడగమనండి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కౌన్సిలు వేరు, ఆంధ్రప్రదేశ్ కౌన్సిలు వేరు. ఆ పైన, తమ కార్ఖానాలోని ప్రమాదాల గురించి ఆమెకు శిక్షణ ఇప్పించమనండి.

జీతం ఎక్కువవుతుందే అంటారా? చిన్న కార్ఖానాకు నర్సును పెట్టుకునే శక్తి లేకపోవచ్చు. ప్రథమ చికిత్స నేర్చిన మనిషిని పెట్టుకుని, ఆ పేరుతోనే పిలవమనండి. కంట్లో రసాయనం పడితే ఆ క్షణమే మొదలుపెట్టి కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడగాలని తెలిసిన మనిషి, నర్సు కాకపోయినా కన్ను కాపాడవచ్చు. తెల్ల కోటు తొడిగి నర్సని చెప్పడంలోనే వున్నది ముప్పు. నర్సు చూసి ఫరవాలేదన్నదని మనవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు.

ఈ రాత్రి మీవాళ్ళను ఒక్క మాట అడిగి చూడండి: 'మీ దగ్గర నర్సు వున్నదా? మీ చెవులు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేశారు?' జవాబు తడుముకుంటే, రేపు కార్ఖానాలో అడిగి రమ్మనండి.