ఒకే దారి, రెండు బాడుగలు

2025 సెప్టెంబరులో పోషకుల సమావేశము ముగిసిన సాయంకాలము మంచి వాన కురిసెను. మన పాఠశాల ద్వారముకడ ఇద్దరు తల్లులు ప్రక్కప్రక్కనే నిలిచి, ఏడు కిలోమీటరుల దూరముననున్న ఒకే పేటకు, ఒకే సంస్థద్వారా, తమ తమ ఫోనులలో ఆటోను పిలుచుచుండిరి. ఒకామెకు 168 రూపాయలనియు, రెండవ ఆమెకు 203 రూపాయలనియు కనబడెను. “ఏం సార్, ఆమెకొక రేటు, నాకొక రేటా?” అని ఆమె మమ్ములనడిగెను. అప్పుడు సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట చదివి తెలిసికొన్నదానిని పోషకుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మీటరు ఆటోలో ఎవరెక్కినను లెక్క యొక్కటే. యాప్‌లో అట్లు కాదు. కనీసపు బాడుగ, దూరము, పట్టు కాలము, వీనిని కూడిన పిమ్మట అల్గారిథమ్ అను గణనక్రమము ఆ మొత్తమును ఒక గుణకముచే హెచ్చించును. బండ్లు తక్కువై పిలుచువారు ఎక్కువైనపుడు ఆ గుణకము పెరుగును. ధర పెరిగినచో దూరముననున్న బండివారు కూడ వత్తురని సంస్థలు చెప్పు కారణములో కొంత నిజము లేకపోలేదు. కాని యంత్రమునకు రద్దీ తెలియునుగాని రద్దీకి కారణము తెలియదు. 2014 డిసెంబరులో సిడ్నీ నగరమున ఒక దుండగుడు కాఫీ దుకాణములో జనులను నిర్బంధించినపుడు, ఆ ప్రాంతము విడిచిపోవువారు ఎక్కువై, ఊబర్ ధరలు తమంతట తామే పెరిగెను. నలుగురును నిందించిన తరువాత ఆ సంస్థ సొమ్ము తిరిగి యిచ్చెను.

ఇది రద్దీ ధర. ఆ చోట, ఆ సమయమున అందరకును వర్తించునది. దీనికంటె సూక్ష్మమైనది మరియొకటి కలదు. అది మనిషిని చూచి కట్టు ధర. మన ఫోను ఏ రకముదో, మనము ప్రతిదినము ఏ వేళకు ఎచ్చటికి పోవుదుమో, ధర ఎక్కువైనపుడు మానుకొందుమో ఎక్కుదుమో, ఇవన్నియు సంస్థకడ నిలిచియుండును. ఫోనులో చార్జి అడుగంటినవారు హెచ్చు ధరకు సులభముగా ఒప్పుకొందురని 2016లో ఊబర్ ఆర్థిక పరిశోధనాధిపతి కీత్ చెన్ చెప్పెను. ఆ సమాచారమును ధర కట్టుటకు వాడుట లేదనియు ఆయనయే చెప్పెను. వాడకపోవచ్చును, అయినను, వారికి తెలియునన్నది మనము గమనింపదగిన సంగతి.

మన దేశమున ఐఫోను కలవారికొక ధర, ఆండ్రాయిడ్ ఫోను కలవారికొక ధర చూపుచున్నారను ఫిర్యాదులు వచ్చుటచే, 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఊబర్ సంస్థలకు నోటీసులిచ్చెను. అట్టి భేదమేదియు లేదని రెండు సంస్థలును చెప్పినవి.

మన ద్వారముకడ జరిగినదానిని బట్టి మేమును ఎవరిమీదను నేరము మోపజాలము. ఇరువురు నొక్కిన క్షణములు వేరు కావచ్చును. ఒకామెకు ఏదైన తగ్గింపు లభించియుండవచ్చును. ఐతే ఆ తగ్గింపు ఎవరికిత్తురో ఆలోచింపుడు. సాధారణముగా, విడిచిపోవునని తోచిన ఖాతాదారునకే యిత్తురు. ప్రతిదినము నమ్మకముగా ఎక్కువారికి ఈయనక్కరలేదు. కిరాణా దుకాణమున పాత ఖాతాదారునకు కొసరు వేయు ఆచారమునకు ఇది తలక్రిందులు. పైగా అంగడిలో ప్రక్కవాడు ఎంత యిచ్చెనో మన చెవిని బడును. అందుచేతనే బేరము సాగును. ఫోనులో ఎవరి ధర వారికే కనబడును. ఆ సాయంకాలము ఆ తల్లులిరువురు ఒకరి ఫోనులోనికి ఒకరు తొంగిచూడకున్నచో, రెండవ ఆమెకు అడుగుటకు ప్రశ్నయే యుండెడిది కాదు.

మన పోషకులలో ఆటో నడుపువారును పలువురు కలరు గనుక వారి మాట కూడ చెప్పవలెను. ప్రయాణికుడు హెచ్చుగా నిచ్చినదంతయు బండివానికి చేరుననుకొనుట పొరపాటు. ముందుగానే ధర నిర్ణయించు పద్ధతిలో, ఇతడిచ్చునది వేరు, అతనికి ముట్టునది వేరు కావచ్చును. ఇందుకు విసిగియే బెంగుళూరు ఆటో డ్రైవర్లు 2022 నవంబరులో నమ్మ యాత్రి అను యాప్‌తో చేరిరి. అందు బాడుగ నేరుగా డ్రైవరునకే పోవును. ఇక బండి రాకమునుపే “బక్షీసు చేర్చినచో త్వరగా దొరకును” అని యడుగు పద్ధతి యొకటి వచ్చెను. దీనిమీద 2025 మే నెలలో ఊబర్‌నకు నోటీసు పోయెను.

అసలు లెక్క యెంతో తెలిసికొన్నచో సగము భయము తీరును. 2025 ఆగస్టు 1 నుండి బెంగుళూరు ఆటోలకు అమలునకు వచ్చిన మీటరు ధర మొదటి 2 కిలోమీటరులకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరునకు 18 రూపాయలు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 5 గంటలవరకు ఒకటిన్నర రెట్లు. ఆ తల్లుల ప్రయాణమునకు 36, ఆపైన ఐదు కిలోమీటరులకు 90, వెరసి 126 రూపాయలు. యాప్‌లవారు 5 శాతము సేవారుసుమును, 5 శాతము పన్నును చేర్చుకొనవచ్చునని రాష్ట్రప్రభుత్వము 2022 నవంబరులో చెప్పియుండెను. అవియు కలిపినను సుమారు 139 రూపాయలే యగును. తక్కువ ధర వచ్చెనని మొదటి ఆమె సంతోషించెనుగాని, ఆమెయు 29 రూపాయలు ఎక్కువే యిచ్చెను!

హెచ్చు ధర కనబడినపుడు తెరను చిత్రము తీసి యుంచుకొనుడు. తేదీయు, గంటయు అందు పడునట్లు చూడుడు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. తెలుగులోను, కన్నడములోను చెప్పుకొనవచ్చును. రెండు మూడు యాప్‌లలో ధర చూచుట, ఐదు నిమిషములు ఆగి మరల చూచుట కూడ మేలు. కాని వానలో బిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి ఈ ఓపిక యుండునని మేము చెప్పజాలము.

అందుచేత 1 నుండి 15 కిలోమీటరులవరకు మీటరు బాడుగల పట్టికను ఎనిమిదవ తరగతి పిల్లలచే లెక్క కట్టించి, ద్వారముకడ అంటించితిమి. ఆటో నడుపు పోషకులొకరు దానిని సరిచూచి, రెండు తప్పులు దిద్దిరి. చీకటిలోను చదువుకొనుటకు పైన ఒక దీపము పెట్టించితిమి.