ప్రార్థనలో వణికే చెయ్యి

ప్రార్థనకు కళ్ళు మూసుకోగానే ఒడిలో పెట్టుకున్న చెయ్యి వణకడం మొదలవుతుంది. బొటనవేలు, చూపుడువేలు బీడీ చుడుతున్నట్టు ఆడుతుంటాయి. పాటల పుస్తకం అందుకోగానే ఆ వణుకు తగ్గిపోతుంది. అంతే, వెనక వరుసలో గుసగుసలు: "ప్రార్థన అంటేనే వణుకుతున్నాడు, లోపల ఏదో ఉంది." ఇంకొకరు, ఏం పాపం చేశాడో అంటారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న ఇదే. ప్రభువు దానికేమి జవాబిచ్చాడో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

పార్కిన్సన్స్ జబ్బులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ, పనిలో పడితే తక్కువ. ప్రార్థనలో చెయ్యి ఊరికే ఉంటుంది. సంగతి అంతవరకే. ముఖంలో నవ్వు కనబడకపోవడం, పాటలో గొంతు సన్నబడటం, నడక నెమ్మదించడం కూడా ఈ జబ్బు లక్షణాలే. బద్ధకమూ కాదు, ఆత్మీయ చల్లదనమూ కాదు.

మరి లోపల జరుగుతున్నదేమిటి? మన శరీర కణాల్లో మైటోకాండ్రియా అనే అతి చిన్న భాగాలున్నాయి. వీటిని పొయ్యిలనుకోండి. తిన్న ఆహారాన్ని, పీల్చిన ఆక్సిజన్‌ను వాడుకొని కణానికి కావలసిన శక్తిని ఇవే తయారుచేస్తాయి. మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులే గాని శక్తిలో దాదాపు 20 వంతులు అదే వాడుకుంటుంది. అందులోనూ కదలికలను సాఫీగా నడిపే డోపమైన్‌ను తయారుచేసే కణాలకు కొమ్మలు చాలా ఎక్కువ. ఒక్కో కణం లక్షల చోట్లకు కబురు పంపాలి. పొయ్యి సరిగా మండకపోతే వంట కాదు సరిగదా, ఇల్లంతా పొగ. మైటోకాండ్రియా చెడినప్పుడూ అంతే: శక్తి తగ్గుతుంది, కణాన్ని దెబ్బతీసే పదార్థాలు పేరుకుంటాయి. ఆ కణాలు ఒక్కొక్కటే చనిపోతాయి. వణుకు బయటపడే నాటికే చాలా భాగం పోయి ఉంటాయి.

ఇది ఎలా తెలిసింది? 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు కల్తీ మత్తుమందు ఎక్కించుకొని, కొద్ది రోజుల్లోనే ముసలి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. అందులోని విషపదార్థం సరిగ్గా ఆ డోపమైన్ కణాల మైటోకాండ్రియానే ఆపేస్తుందని తర్వాత తేలింది. ఆ పైన 2000లో రోటెనోన్ అనే పురుగుమందును ఎలుకలకు ఇచ్చి చూస్తే అవీ అలాగే అయ్యాయి. 2011లో అమెరికా వ్యవసాయ కుటుంబాల మీద వెలువడిన అధ్యయనంలో రోటెనోన్ గాని, పారాక్వాట్ అనే గడ్డిమందు గాని వాడినవారిలో ఈ జబ్బు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ కనబడింది. మందు కొట్టిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని కాదు, పంపు ముట్టనివారికీ వస్తుంది. వయసు, కొందరిలో జన్యువులు కూడా కారణాలే.

అయినా చెరకు, పత్తి పండించే మన జహీరాబాద్ రైతులు ఆలోచించవలసిన మాట ఇది. వీపున పంపు కట్టుకొని, ముక్కుకు గుడ్డయినా లేకుండా, గాలికి ఎదురుగా నడిచేవారు మన విశ్వాసుల్లో ఎందరో. పక్కనే పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు రసాయనాలు లేకుండా జొన్న, కొర్ర పండించి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. ఆ అక్కలు ఈ జబ్బును దృష్టిలో పెట్టుకొని ఆ పని చేయలేదు గాని, వారి చేనులో పీల్చే గాలి వేరు.

ఇక మందుల సంగతి. చచ్చిన కణాలను తిరిగి బతికించే మందు ఇంకా లేదు. "మైటోకాండ్రియాకు బలం" అంటూ అమ్మే డబ్బాలకు డబ్బు పోయవద్దు. అలాంటి కోఎంజైమ్ క్యూ10ను 600 మంది రోగులపై పరీక్షించి, ప్రయోజనం లేదని 2014లో తేల్చారు. తగ్గిన డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్రలు మాత్రం పనిచేస్తాయి, కానీ వేళకు పడాలి. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది, అందుకని డాక్టరును అడగకుండా ఆ పొడి మింగడం ప్రమాదం. పప్పు, మాంసం ఎక్కువగా ఉన్న భోజనంతో కలిస్తే మాత్ర సరిగా ఎక్కదు, అందుకే తినడానికి అరగంటో గంటో ముందు వేసుకోమంటారు.

మేము ముఖ్యంగా చెప్పదలచింది ఉపవాస కూటాల గురించి. స్వస్థత కోసం ప్రార్థించి మాత్రలు మానేసినవారున్నారు. ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు కొయ్యబారి, తీవ్రమైన జ్వరంతో ప్రాణాపాయం కలగవచ్చు. కాపరులు ఈ మాట పుల్పిట్ మీదనుంచే చెప్పాలి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి, మాత్ర మాత్రం తప్పకూడదు. ఆదివారం ఆరాధన తొమ్మిదిన్నరకు మొదలై ఒంటిగంట దాకా సాగుతుంది. పదకొండింటికి నీళ్ల సీసా మూత తీసిన పెద్దాయనను చూసి, వాక్యం మధ్యలో ఇదేమిటని ఎవరూ తల తిప్పనక్కరలేదు.