అవి నీటి బుడగలు కావు

మొన్న ఆదివారం సాయంత్రం, మా బాచుపల్లి అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు ఆవిడ స్కానింగ్ కవరు పట్టుకుని వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురికి రెండు నెలలుగా నెలసరి రాలేదట. హాస్టల్ నుంచి తీసుకొచ్చి స్కాన్ చేయించారు. రిపోర్టు చివర 'బైలేటరల్ పాలీసిస్టిక్ ఓవరీస్' అని ఉంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "అక్కా, పిల్లకి నీటి బుడగలట. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట చెప్పాలా?" అంది. ఆ పిల్లకి పదిహేడేళ్లు.

ఇటు కాలేజీ హాస్టళ్లు, అటు మియాపూర్ మీదుగా హైటెక్ సిటీకి వెళ్లొచ్చే ఉద్యోగాలు. మా చుట్టుపక్కల 'పీసీఓడీ' (పీసీఓఎస్ అన్నా అదే) అన్న మాట వినని ఇల్లు తక్కువ. దానిచుట్టూ అల్లుకున్న భయాలే ఎక్కువ.

"అండాశయంలో బుడగలు, తీయించేయాలి"

ఈ భయానికి కారణం పేరే. 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో ఈ సమస్యను వివరించారు. అండాశయం నిండా తిత్తులున్నట్టు కనిపించడంతో పేరులో 'సిస్ట్' చేరింది. నిజానికి అవి అండం పెరిగే చిన్న సంచులు, ఫోలికిల్స్. మామూలుగా నెలకొకటి 20 మిల్లీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. ఇన్సులిన్ ఎక్కువై, దానివల్ల మగ హార్మోన్లు పెరిగితే, ఆ సంచులు తొమ్మిది మిల్లీమీటర్లు దాటకుండానే ఆగిపోతాయి. స్కాన్‌లో చుక్కలుగా కనిపించేవి అవే. కోసి తీయాల్సిందేమీ లేదు.

"స్కాన్‌లో ఉందంటే జబ్బు ఉన్నట్టే"

కాదు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు (గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు) లేదా రక్తంలో వాటి పెరుగుదల, స్కాన్‌లో చుక్కలు. పెద్దవాళ్లలో ఈ మూడింటిలో రెండుండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలు కావని కూడా తేల్చుకోవాలి. ఎదిగే పిల్లల అండాశయాలు సహజంగానే అలా కనిపిస్తాయి. అందుకే పెద్దమనిషైన ఎనిమిదేళ్ల లోపు స్కాన్‌ని బట్టి నిర్ధారించవద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా కిందింటి పిల్ల పెద్దమనిషై ఐదేళ్లే. పరీక్షల ఒత్తిడికీ నిద్రలేమికీ కూడా నెలసరి వెనక్కిపోతుంది.

"ఇక పిల్లలు పుట్టరు"

అన్నిటికన్నా క్రూరమైన మాట ఇదే. పీసీఓఎస్‌లో అండాలు లేకపోవడం ఉండదు. అవి విడుదలయ్యే రోజు ఎప్పుడో తెలియదు, అంతే. చాలామందికి మందుల్లేకుండానే గర్భం వస్తుంది. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్లు నెలసరి సరిగా రావట్లేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

సాయం అవసరమైతే మొదటి మందు లెట్రోజోల్ మాత్ర. అమెరికాలో 750 మందిపై జరిగి 2014లో వెలువడిన పరీక్షలో, ఐదు నెలసరి చక్రాల వరకు లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి బిడ్డలు పుట్టారు. పాత మందు క్లోమిఫిన్‌తో 19.1 శాతం. సంతానలేమికి ఈ మాత్ర వాడకాన్ని మన దేశం 2011లో నిషేధించి, 2017లో మళ్లీ అనుమతించింది. ఐవీఎఫ్ మాట చాలామందికి ఆ తర్వాతే వస్తుంది. దానికంటే ముందు భర్తకు వీర్య పరీక్ష. లోపం ఆమెదేనని ముందే తీర్మానించుకుని ఈ ఒక్క పరీక్ష వాయిదా వేసే ఇళ్లను చూస్తే నాకు మనసు మండుతుంది.

"లావుగా ఉన్నవాళ్లకే వస్తుంది", "పెళ్లైతే అదే సర్దుకుంటుంది"

సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. బరువు ఎక్కువున్నవారు ఐదు శాతం తగ్గినా నెలసరి దారిలో పడే అవకాశం ఉంది: 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. పెళ్లి మాత్రం మందు కాదు.

"హార్మోన్ మాత్రలు వాడితే గర్భసంచి పాడవుతుంది"

ఈ భయం తలకిందులుగా ఉంది. మూడు నెలలకు మించి నెలసరి రాకుండా ఉండడం పదేపదే జరిగితేనే గర్భసంచి లోపలి పొర అతిగా మందమయ్యే ముప్పు. ఆ పొరను కాపాడేందుకే మాత్రలు. ఆపేశాక గర్భం వచ్చే శక్తి తిరిగొస్తుంది. ఎవరికి ఏ మాత్ర సరిపడుతుందో డాక్టరే చెప్పాలి.

ఇవన్నీ చెప్పేసరికి టీ చల్లారిపోయింది. ఆవిడ మళ్లీ వేడి చేయించుకుని తాగింది. వెళ్లేముందు ఫోన్ తీసి, కూతురు పెద్దమనిషైన తేదీ, చివరిసారి నెలసరి వచ్చిన తేదీ డాక్టరుకు చూపించడానికి రాసుకుంది. సంబంధాల మాట మళ్లీ ఎత్తలేదు.