ఆగిపోయిన మనిషిని అడగాల్సిన ప్రశ్నలు

బరంపురంలో కోచింగ్ అంటే మనకి గుర్తొచ్చేవి బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు, టీచరు పోస్టులు. ఈ వ్యాసం ఆ కోచింగ్ గురించి కాదు. ఒక మనిషి ఏదో ఒక దగ్గర కదల్లేక ఆగిపోతే, పక్కన కూర్చుని మాట్లాడి కదిలించడాన్ని కూడా ఇప్పుడు కోచింగ్ అంటున్నారు. పెద్ద ఊళ్లలో దీనికి ఫీజు తీసుకునేవాళ్లున్నారు. హాస్టల్ గదుల్లోనూ ఇళ్లల్లోనూ ఆ పని మనం ఊరికే చేస్తుంటాం. అందుకే, ఎలా చేస్తే పనికొస్తుందో తెలుసుకుంటే మంచిది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హంగేరీలో కోచ్ అని ఒక ఊరుంది. అక్కడ తయారైన గుర్రబ్బండికి ఆ ఊరి పేరే వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు విద్యార్థులు, తమని పరీక్ష గట్టెక్కించే మాస్టారిని సరదాగా కోచ్ అనడం మొదలెట్టారు. నాకు ఇందులో నచ్చింది బండి పోలిక. ఎక్కడికి వెళ్లాలో చెప్పాల్సింది బండి ఎక్కినవాళ్లు. మనం సాయం చెయ్యబోయి చాలాసార్లు ఆ సంగతి కూడా మనమే చెప్పేస్తుంటాం.

మా ఇంటి ఉదాహరణే చెప్తాను. మాది ఛత్రపురం దగ్గర చమఖండి. మా పెదనాన్న కూతురు, నాకు అప్ప అవుతుంది. ప్లస్ త్రీ మొదటి ఏడాదిలో ఉండగా పెదనాన్నకి జబ్బు చేసింది, అప్ప చదువు ఆపేసింది. పెదనాన్న కోలుకున్నాక కూడా మళ్లీ చేరలేదు. రెండేళ్లయింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఇంటికి వచ్చినవాళ్లంతా "చదువుకోవే, తెలివైన పిల్లవి" అంటారు. అప్ప తలూపుతుంది. వాళ్లు వెళ్లాక, చదువు ఎందుకు కుదరదో నాకు వరసగా చెప్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త చెప్పాడు. తాగుడు మానలేనివాళ్లతో ఎలా మాట్లాడాలన్న దాని మీద ఆయన 1983లో ఒక వ్యాసం రాశాడు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి అదే విషయం మీద పుస్తకం తెచ్చాడు. ఆగిపోయిన మనిషి లోపల రెండు గొంతులుంటాయి. ఒకటి "చెయ్యి" అంటుంది, ఇంకోటి "ఎందుకులే" అంటుంది. మనం మొదటి గొంతు పక్కన చేరి గట్టిగా మాట్లాడితే, ఆ మనిషి రెండోదాని తరఫున వాదిస్తుంది. వాదించిన కొద్దీ అదే నిజమని నమ్ముతుంది. కాబట్టి "చెయ్యి" అన్న మాట ఆమె నోటే రావాలి. అది రావాలంటే మనం అడగాలి.

మొదటి ప్రశ్న: ఏం కావాలి? "చదువు సంగతేంటి" అని కాకుండా "వచ్చే ఏడాది ఈపాటికి నువ్వు ఎక్కడుంటే బాగుంటుంది?" అని అడిగాను. చాలాసేపు ఊరుకుని, "ఎవరైనా ఏం చదివావంటే సగంలో ఆపేశానని చెప్పకుండా ఉంటే చాలు" అంది.

రెండోది లెక్క ప్రశ్న. అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే భార్యాభర్తలు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. సున్నా నుంచి పది దాకా ఉంటే ఇప్పుడు ఎక్కడున్నావు? అప్ప మూడు అంది. ఇక్కడ "మూడేనా?" అనకూడదు. "రెండు ఎందుకు కాదు?" అని అడగాలి. అప్పుడు అప్ప, పుస్తకాలు ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నానని చెప్పింది. తన దగ్గర ఉన్నదేమిటో తనకే కనబడింది.

మూడోది: నాలుగుకి రావాలంటే ఏం జరగాలి? డిగ్రీ పూర్తి కావడం పదో మెట్టు. నాలుగో మెట్టు, కాలేజీలో ఉండిపోయిన ప్లస్ టూ మార్కుల షీటు, సి.ఎల్.సి. తెచ్చుకోవడం. అసలు ముడి అక్కడుంది. "ఇన్నాళ్లు ఏం చేశావని గుమస్తా అడిగితే? నాతో చదివినోళ్లు ఎదురైతే?" అంది. ఇంట్లో అందరూ డబ్బు, పెళ్లి, తీరిక అని మాట్లాడుకుంటున్నారు. అప్పని ఆపింది ఒక కిటికీ దగ్గర పడాల్సిన సిగ్గు.

నాలుగోది: ఎప్పుడు, ఎక్కడ, ఎలా? "వెళ్తాను" అన్న మాట కన్నా "ఫలానాప్పుడు ఫలానా పని చేస్తాను" అన్న మాట నిలబడుతుందని పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో వివరించాడు. అప్ప వేసుకున్న లెక్క ఇది: సోమవారం పదిన్నరకి వెళ్తాను, ఎవరైనా అడిగితే "నాన్నకి బాగులేక ఆగాను, మళ్లీ చేరుతున్నాను" అంటాను.

మనలాంటి రెండు భాషల ఇళ్లకి ఇంకో సంగతి ఉంది. బడి, ఆఫీసు, ఫారాలు అన్నీ మనకి ఒడియాలో. మొదట కాలేజీ మాట ఎత్తితే అప్ప కూడా ఒడియాలోనే "అసుబిధా అఛి" అని దాటేసింది. తెలుగులోకి తిరిగాకే "సిగ్గేస్తందే" అన్న మాట బయటికొచ్చింది. మన పక్క పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లల చదువు కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల భాషలో వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఎదుటి మనిషి భాషలోకి మనం వెళ్లాలన్నదే ఆయన చేసి చూపించింది. ఎవరి బాధ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే అడుగుదాం.

ఒక జాగ్రత్త. నిద్ర, తిండి మానేసినా, బతకాలని లేదన్నా ఈ ప్రశ్నలు సరిపోవు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లో పెద్దవాళ్లకి గానీ మేడమ్‌కి గానీ చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416, ఫోనుకి డబ్బులు పడవు. ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

అప్ప సోమవారం వెళ్లలేదు, బుధవారం వెళ్లింది. కాగితాలు తెచ్చుకుంది. గుమస్తా ఏమీ అడగలేదట, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడట. ఇగ్నోలో జనవరికీ జులైకీ, ఏడాదికి రెండుసార్లు చేర్చుకుంటారని తనే కనుక్కుంది. సంబంధాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వచ్చినవాళ్లతో "చదువుతున్నాను" అని చెప్పమని పెద్దమ్మతో అంటోంది. ఇప్పుడు ఎన్నో అంకె మీద ఉన్నావని అడిగితే, "అయిదు" అంది.