కట్టెల పొయ్యి, పన్ను రాయితీ, ఒక దక్షత లెక్క

విద్యుత్ కేంద్రాలలో పనిచేసే మనకు ‘దక్షత’ అనే మాట కొత్తది కాదు. బాయిలర్‌లో మండిన బొగ్గు వేడిలో ఎంత భాగం ఆవిరికి చేరినదో లెక్క వేయడం మన నిత్యకృత్యం. ఆ లెక్క ఒక ఇంటి కట్టెల పొయ్యి విషయంలో అక్కరకు వస్తుందని మాత్రం మేము ఊహించలేదు.

2025 అక్టోబరులో సెలవు పెట్టి, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మంచు విరివిగా కురిసే ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళలో కట్టెల పొయ్యి కనిపిస్తుంది. అది వంటకు కాదు, ఇల్లు వెచ్చగా ఉంచడానికి. అల్లుడు పాత పొయ్యి తీయించి కొత్తది పెట్టించే తొందరలో ఉన్నాడు. ఆ తొందరకు కారణం పన్ను రాయితీ.

రాయితీ స్వరూపం

మన 80సి కింద చూపే పొదుపు, పన్ను వేయవలసిన ఆదాయంలో నుండి తగ్గుతుంది. అమెరికాలోని ఈ రాయితీ నేరుగా కట్టవలసిన పన్నులో నుండే తగ్గేది. 2009లో వచ్చిన ఆర్థిక పునరుద్ధరణ చట్టం, 75 శాతం దక్షత గల కట్టెల, గుళికల పొయ్యిలకు ఖరీదులో 30 శాతం, గరిష్ఠంగా 1,500 డాలర్లు రాయితీగా ఇచ్చింది. తరువాత కొన్నేళ్ళు అది 300 డాలర్లకు కుదించుకుపోయింది. 2022 ఆగస్టు నాటి చట్టంతో 2023 నుండి మళ్ళీ 30 శాతం, ఏడాదికి 2,000 డాలర్ల పరిమితి వచ్చాయి. 2025 జులైలో చేసిన మరో చట్టం, ఆ ఏడాది డిసెంబరు 31 తరువాత అమర్చిన వాటికి రాయితీని రద్దు చేసింది. కొని ఉంచితే చాలేది కాదు, గడువులోగా అమర్చి తీరవలసి ఉండేది.

ఏ లెక్కన 75 శాతం?

అల్లుడు తెచ్చిన కరపత్రంలో పొయ్యి దక్షత 78 శాతమని ఉన్నది. “ఇంకేం మామయ్యగారూ, 75 దాటింది కదా!” అన్నాడు. ఆ దక్షతను స్థూల కెలోరిఫిక్ విలువపై కట్టారా, నికర విలువపై కట్టారా అని మేము అడిగాము. కరపత్రంలో ఆ ముక్క లేదు.

తేడా ఎంతో చూద్దాము. కట్టె ఎండినదైనా అందులో సుమారు 20 శాతం తేమ ఉంటుంది. కట్టెలోని హైడ్రోజన్ మండి మరికొంత నీరు పుడుతుంది. ఈ నీరంతా ఆవిరియై, తన గుప్తోష్ణంతో సహా పొగగొట్టం గుండా పోతుంది. కిలో కట్టెలో స్థూలంగా 3,760 కిలోకేలరీలు ఉన్నాయనుకుంటే, నీటి ఆవిరి పట్టుకుపోయేది పోగా నికరంగా మిగిలేవి దాదాపు 3,390. గదికి 2,550 కిలోకేలరీలు అందించే పొయ్యి నికర లెక్కన 75 శాతం దాటుతుంది, స్థూల లెక్కన 68 శాతం వద్దనే ఆగుతుంది. పొయ్యి ఒక్కటే, మారినది హారం.

2009 నాటి చట్టం దక్షతను నికర విలువపై లెక్కించమన్నది. తయారీదారులు నికర విలువను ఆశ్రయించారు, అప్పటి పొయ్యిలు దాదాపు అన్నీ అర్హత పొందాయి. 2020 డిసెంబరులో చేసిన చట్టం స్థూల విలువనే తీసుకోవాలని స్పష్టం చేసింది. మన విద్యుత్ కేంద్రాలలో హీట్ రేటుకు ప్రమాణం కూడా ఇదే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ జాబితాలో వెదికితే, ఆ పొయ్యికి స్థూల విలువపై 70 శాతమే కనిపించింది. కొని ఉంటే రాయితీ దక్కేది కాదు. గుళికల పొయ్యిని కూడా పరిశీలించాము. రంపపు పొట్టును అదిమి చేసే గుళికలలో తేమ 10 శాతం లోపే, అవి చక్కగా మండుతాయి. కాని వాటిని మంటకు అందించే మరకు, గాలి పంకాకు కరెంటు కావాలి. మంచు తుపానులో కరెంటు పోతే పొయ్యి ఆగుతుంది. అందువలన జాబితాలో 76 శాతం ఉన్న మరొక కట్టెల పొయ్యిని ఎంచుకున్నాము. అమర్చే ఖర్చుతో కలిపి 5,000 డాలర్లు, రాయితీ 1,500. డిసెంబరు రెండవ వారంలో పని పూర్తయినది.

రాయితీ అందనివారు

పక్క ఇంటి వృద్ధుడు పాత పొయ్యినే వాడుతున్నాడు. పచ్చి కట్టె వేసిన నాడు పొగ మా కిటికీల దాకా వచ్చేది. రాయితీ సంగతి అల్లుడు చెప్పగా ఆయన నవ్వి ఊరుకున్నాడట. కట్టవలసిన పన్ను లేనివానికి తగ్గించడానికి ఏముంటుంది? మిగిలిన రాయితీ చేతికి ఇచ్చేవారు కాదు, మరుసటి ఏటికి బదలాయించేవారు కాదు. పొగ ఎక్కడ ఎక్కువో, సాయం అక్కడికి చేరలేదు.

మనకు దీనికి భిన్నమైన అనుభవం ఉన్నది. 1980లలో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం పేదల ఇంటికే చేరింది. కాని మరమ్మతు చూసే నాథుడు లేక ఎన్నో పొయ్యిలు మూలపడ్డాయి, 2002లో ఆ కార్యక్రమమే ముగిసింది. ఒకచోట లెక్క కుదిరినా సాయం చేరలేదు, మరొకచోట సాయం చేరినా సంరక్షణ లేదు. రెండూ కలిసినప్పుడే ప్రజాధనం సార్థకమవుతుంది.

ఇక మన ఇంటి మాట. పొయ్యి అయినా, గీజరు అయినా కొనేటప్పుడు శాతం చూసి మురిసిపోక, ఆ శాతానికి హారం ఏమిటని అడుగుదాము. ఆ ఒక్క ప్రశ్న మా అమ్మాయి ఇంట 1,500 డాలర్లు నిలిపినది.