మక్కచేనుకు కనపడని కంచె

సిద్దిపేట పల్లెల్లో మక్కచేను కంకి పట్టిందంటే రాత్రి కావలి తప్పదు. అడవిపందుల మంద ఒక్కసారి చొరబడితే చేను నేలమట్టమే. ఈ కొసన మంచె మీద ఒకరు, ఆ కొసన ఇంకొకరు, నడుమ చీకటి. ఒకరు అరచేతులు నోటి దగ్గర దొప్పలా పట్టి కేకేస్తే, రెండోవారు చెవి వెనుక చెయ్యి పెట్టి వింటారు.

ఆ ఇద్దరి పనినీ ఒక ఎల్‌ఈడీకి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ కన్నుకు అప్పగిస్తే అదే పరారుణ కిరణ సెన్సర్. నడుమ ఏది అడ్డొచ్చినా గంట మోగుతుంది.

ఈ పరారుణ కాంతిని మొదట పట్టింది కన్ను కాదు, థర్మామీటరు. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఒక్కో రంగు వేడిని కొలిచాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేనిచోట పాదరసం ఇంకా పైకెక్కింది. ఆ కాంతిని వెదజల్లే ఎల్‌ఈడీకి 1961లో దారి పడింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో రాబర్ట్ బియార్డ్, గ్యారీ పిట్‌మన్ గాలియం ఆర్సెనైడ్ నుంచి పరారుణ కాంతి వెలువడటం గమనించారు. ఇప్పుడు చాలా టీవీ రిమోట్ల కొసన ఉండేది దాని సంతతే.

అయితే బల్లమీద చక్కగా పనిచేసే సర్క్యూట్ పొలంలో రెండు మీటర్లకే చేతులెత్తేస్తుంది. కాంతి పోయేకొద్దీ పరుచుకుంటుంది. దూరం రెట్టింపైతే కంటికి అందేది నాలుగో వంతు, పదింతలైతే నూరో వంతు. పోనీ కరెంటు నూరు రెట్లు పెంచుదామా? ఎల్‌ఈడీ మాడిపోతుంది.

మంచె మీది మనిషి కూడా రాత్రంతా ఆపకుండా అరవడు. ఒక్క కేక గట్టిగా వేసి ఆగుతాడు. ఎల్‌ఈడీకీ మొదట అదే నేర్పాలి. నిలకడగా 100 మిల్లీ ఆంపియర్లకు మించి ఓర్వని ఎల్‌ఈడీలు కూడా, సెకనులో లక్షో వంతు సేపైతే చాలావరకు ఒక ఆంపియర్‌ను తట్టుకుంటాయి.

రెండోది, గొంతు గుర్తుపట్టడం. ఎండలోనూ పరారుణ కాంతి కుప్పలుగా ఉంది. అందుకే మన కిరణాన్ని సెకనుకు 38,000 సార్లు వెలిగించి ఆర్పుతారు. హాన్స్ కామెంజిండ్ 1971లో రూపొందించిన 555 టైమర్ చిప్ ఈ తాళం వేయగలదు. రిమోట్ల కోసం చేసిన రిసీవర్ ఆ తాళాన్నే వింటుంది, మిగతాదంతా వదిలేస్తుంది. అదే తాళం ఎడతెగకుండా వస్తే మాత్రం దాన్నీ రొద అనుకుని చెవి తగ్గించుకుంటుంది. కాబట్టి కాసేపు పంపి, కాసేపు ఆపాలి.

మూడోది దొప్ప. 5 మిల్లీమీటర్ల కన్ను ముందు 50 మిల్లీమీటర్ల భూతద్దం సరిగ్గా నాభి దూరంలో పెడితే, కాంతిని పట్టే వైశాల్యం నూరు రెట్లు. అంటే లెక్కప్రకారం దూరం పదింతలు. బ్యాటరీ మీద పైసా భారం లేదు. ఎల్‌ఈడీ ముందు ఇంకో భూతద్దం పెడితే కిరణం చెదరకుండా సాగుతుంది.

ఇక్కడే చిక్కు. కిరణం సన్నబడేకొద్దీ గురి కష్టం. 50 మీటర్ల దూరాన ఒక్క డిగ్రీ తప్పినా కిరణం 87 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. గాలికి ఊగే వెదురుగుంజ పనికిరాదు, గట్టిగా పాతిన రాతికడీ కావాలి. చాలా ఫోన్ల కెమెరాలో ఎల్‌ఈడీ ఊదాగా మెరుస్తుంది. రిసీవర్ దగ్గర ఫోన్ పట్టుకుంటే గురి కుదిరిందో లేదో తెలుస్తుంది. కన్నుకు నల్లగొట్టం తొడిగి, కిరణాన్ని ఉత్తర దక్షిణాలుగా నడిపితే పొద్దుటెండ, సాయంత్రపుటెండ సూటిగా పడవు. రాలిన ఆకుకల్లా గంట మోగకుండా ఒకదానిపై ఒకటి రెండు కిరణాలు పెట్టి, రెండూ ఒకేసారి తెగితేనే మోగేలా చెయ్యొచ్చు.

ఇందులో ఇంకో మేలుంది. ఒకే కిరణం ఉన్నప్పుడు ఎల్‌ఈడీ పాడైనా, దాని బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా కిరణం ఆగి గంట మోగుతుంది. కావలి నిద్రపోతే ఆ సంగతీ తెలిసిపోతుందన్నమాట. మంచె మీదా అంతే. అవతలి నుంచి కేక వినపడుతున్నంతసేపు నిశ్చింత. అది ఆగిందంటేనే టార్చి అందుకుని మంచె దిగేది.