రంగు తాగే రేకు

జగిత్యాలలోనో కోరుట్లలోనో కొత్తింటికి కిటికీలు పెట్టిస్తుంటే అల్యూమినియం పనివాళ్లు ముందుగా అడిగే ప్రశ్న, ‘సిల్వర్ సెక్షనా, బ్రౌన్ సెక్షనా?’ అని. ఆ గోధుమ రంగు పైన పూసిన పెయింటే అనుకుంటారు చాలామంది. అసలైన ఆనోడైజ్డ్ సెక్షనైతే గోటితో ఎంత గీకినా పెచ్చు లేవదు. లేవడానికి పైన పూతంటూ ఉంటే కదా! రంగు లోహపు పొరలోనే ఇంకిపోయి ఉంటుంది.

ఇదే విద్యతో ఎర్రగా, నీలంగా, బంగారు వన్నెలో మెరిసే చిన్నచిన్న రేకులను ప్రపంచంలో కొందరు పనిగట్టుకుని, ఒక్కొక్కటిగా ఆర్డరిచ్చి చేయించుకుంటున్నారు. అవి కిటికీలకు కాదు, మాడ్యులర్ సింథసైజర్ అనే వాద్యానికి.

పెళ్లి బ్యాండులో కనిపించే కీబోర్డులో సరంజామా అంతా ఒకే డబ్బాలో ఉంటుంది. మాడ్యులర్‌లో అలా కాదు. స్వరం పుట్టించేది ఒక పెట్టె, దాన్ని వడకట్టేది ఇంకోటి, హెచ్చుతగ్గులు చూసేది మరోటి. ఎవరికి కావలసినవి వాళ్లు కొనుక్కుని, తీగలతో కలుపుకుంటారు. ఏ తీగ ఎక్కడ గుచ్చితే అక్కడికి తగ్గ శబ్దం. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో దీనికి బాట వేశారు. 1996లో జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ ‘యూరోర్యాక్’ కొలతలు ఖాయం చేశారు. ముందు పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన. ఆ కొలత పాటిస్తే చాలు, ఏ దేశంలో చేసిన పెట్టైనా పక్కదానితో ఇట్టే సర్దుకుంటుంది.

ఈ వాద్యం మన దేశానికి కొత్తేం కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో వెలిసింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పడంలో సాయపడ్డారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ వంటివారు అక్కడ చేసిన రికార్డింగులు దశాబ్దాలపాటు అటకెక్కి, 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి.

సరే, రేకుకు రంగెందుకు? ముప్పై పెట్టెలు, వందకుపైగా మరలు, పైన వేలాడే తీగల గుబురు... మసక వెలుతురున్న వేదిక మీద సరైన మరను చెయ్యి వెతుక్కోవాలి. అన్నీ ఒకే వెండి రంగులో ఉంటే తడబాటు తప్పదు. స్వరం పుట్టించేవి నీలం, వడకట్టేవి ఎరుపు అనుకుంటే కన్ను ముందే పట్టేస్తుంది. సోకూ ఉంది లెండి, కాదనలేం!

ఇక అద్దకం సంగతి. అల్యూమినియానికి గాలి తగలగానే దానంతటదే పల్చటి ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. ఆ పొరను బలవంతాన పెంచడమే ఆనోడైజింగ్. శుభ్రం చేసిన రేకును గంధకికామ్లం కలిపిన నీళ్లలో ముంచి, కరెంటు ధన ధ్రువానికి కలుపుతారు. నీళ్లలోంచి వచ్చే ఆక్సిజన్‌తో లోహం పైభాగమే గట్టి పొరగా మారుతుంది. మందం కొన్ని మైక్రాన్ల నుంచి పాతిక మైక్రాన్ల దాకా. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొర నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు. రంగు నీళ్లలో ముంచితే నూలు పోగులాగే గటగటా తాగేస్తుంది! తర్వాత మరిగే నీళ్లలో ఉంచితే రంధ్రాలు మూసుకుపోతాయి, రంగు లోపలే బందీ. తొలి పేటెంటు 1923లో ఇంగ్లండ్‌లో వచ్చింది. సముద్ర విమానాల భాగాలకు ఉప్పునీటి తుప్పు పట్టకుండా చూడటమే అప్పటి అవసరం.

ఈ పనిలో కష్టం ఎక్కడుందో సిరిసిల్లలో నూలు అద్దేవాళ్లకు చెప్పక్కర్లేదు. లాటు మారితే షేడు మారుతుంది! చీర అంచు ఒక లాటులో, కొంగు ఇంకో లాటులో పడితే కట్టుకున్నవాళ్లు ఇట్టే పట్టేస్తారు. రేకుకైతే తిప్పలు ఇంకా ఎక్కువ. మిశ్రమ లోహం కాస్త మారినా, కరెంటు పెరిగినా, రంగు తొట్టి వేడి తగ్గినా నిన్నటి ఎరుపు ఇవాళ రాదు. ఇంట్లోనే పెట్టెలు తయారుచేసే చిన్న తయారీదారుడు ఈ నెల 50 పలకలు చేయించి, ఆరు నెలలకు మరో 50 చేయించాడనుకోండి. కొన్నవాళ్లు రెండింటినీ పక్కపక్కన బిగిస్తే చాలు, తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తప్పు దిద్దాలంటే పాత పొరను రసాయనంతో కరిగించి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు లోహమూ కాస్త అరిగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు కావలసినవన్నీ ఒకే విడతలో వేయిస్తారు. రంధ్రాలూ ముందే తొలిపిస్తారు. తర్వాత తొలిస్తే అంచుల్లో తెల్లటి లోహం బయటపడి వెక్కిరిస్తుంది.

ఒక్క పలకైనా చేసిచ్చేవాళ్లున్నారు. బెర్లిన్‌లోని షాఫర్ సంస్థ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఎవరి పలక వాళ్లు గీసుకుని, రంగు ఎంచుకుని పంపితే చాలు. ఒక్కటే అయితే ఖరీదెక్కువ మరి. అందుకే చాలామంది సర్క్యూట్ బోర్డు అట్టనే పలకగా వాడి సరిపెట్టుకుంటున్నారు. చవకే, కానీ చేతికి తగిలే ఆ లోహపు చల్లదనం అట్టలో ఎక్కడిది!

అక్షరాలు మాత్రం ఈ పలక మీద చక్కగా కుదురుతాయి. లేజర్ తాకిన చోట రంగు పోయి తెల్లటి గీత పడుతుంది. ఎన్నేళ్లు వేళ్లు రాసుకున్నా చెరగదు. ఇన్ని రంగులు తాగే ఈ రేకు అద్దకంలో తెలుపు మాత్రం పట్టదు. తెల్ల రంగు రేణువులు ఆ రంధ్రాల్లో దూరలేనంత పెద్దవి. తెలుపు కావాలంటే పెయింటే గతి.

కొలత ప్రకారం షీటు కోసి, రంధ్రాలు తొలచడం మన ఊళ్ల అల్యూమినియం పనివాళ్లకు కొత్త కాదు. గల్ఫ్‌లో ఇదే పని చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. అద్దకం మాత్రం ప్లాంటుకు పంపాల్సిన పనే. బ్యాటరీ ఆసిడ్‌తో ఇంట్లోనే చేసేయొచ్చని ఇంటర్నెట్లో చూసి ఉత్సాహపడే పిల్లలుంటే పెద్దలు ఓ కన్నేసి ఉంచాలి. ఆసిడ్ ఒళ్లు కాలుస్తుంది. కరెంటు పారేటప్పుడు మంట అంటుకునే హైడ్రోజన్ వాయువూ వస్తుంది. ఆసిడ్‌లో నీళ్లు పోస్తే ఒక్కసారిగా చిమ్ముతుంది. వాడేసిన తొట్టి నీళ్లను మురుక్కాలువలో ఒంపితే అది చేరేది ఊరి చెరువుకే.

బిగించేటప్పుడు ఇంకో చిక్కు. ఆనోడైజ్ పొర కరెంటును పారనివ్వదు. ఎర్త్ అందకపోతే స్పీకర్లో బుయ్యిమనే మోత. అందుకే వేలు పోసి అద్దించుకున్న పలకనైనా, వెనకవైపు ఓ చోట గీకి తెల్ల లోహం తేల్చాకే మర బిగిస్తారు.